టాస్‌లో నాకు దక్కిన పక్షం

బెర్లిన్ వెళ్ళాలా, అమెరికాలో ఈ ఆష్‌బర్న్‌లోనే ఉండిపోవాలా అన్న ప్రశ్న ఒక మంగళవారం మధ్యాహ్నం నా ఫోన్‌లోకి వచ్చింది. "బెర్లిన్ ఆఫీస్‌కి వస్తావా అని అడుగుతున్నారు. రెండు వారాల్లో చెప్పాలట. ఈవెనింగ్ మాట్లాడదాం" అని నా భర్త మెసేజ్ పెట్టాడు. అతను పనిచేసే కంపెనీకి ఆ నగరంలో ఒక శాఖ ఉంది. అక్కడ అతని అనుభవం ఉన్న మనిషి కావలసివచ్చింది. జీతం కొంత తగ్గుతుంది, సెలవులు బాగా పెరుగుతాయి, కొత్త మేనేజర్, కొత్త భాష. అతనికి సంబంధించినంతవరకు లాభనష్టాలు ఇలా అనేకం. నాకు సంబంధించింది మాత్రం ఒక్కటే. అక్కడికి వెళ్తే నాకు ఉద్యోగం చేసుకునే హక్కు వస్తుంది.

ఇక్కడ ఆ హక్కు నాకు లేదు. నా భర్తది హెచ్-1బి వీసా. అతని మీద ఆధారపడి వచ్చిన భార్యగా నాది హెచ్-4. అతని గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక మెట్టు దాటేదాకా నేను జీతం తీసుకుని ఏ పనీ చేయకూడదు. ఆ దరఖాస్తును అతని కంపెనీ ఇంకా మొదలే పెట్టలేదు. మూడేళ్ళుగా "నెక్స్ట్ ఇయర్" అంటోంది.

నేను సివిల్ ఇంజనీర్‌ని. పెళ్ళికి ముందు హైదరాబాదులో మూడేళ్ళు తాగునీటి పైపులైన్లు డిజైన్ చేశాను. ఏ వీధికి ఎంత లావు గొట్టం వేయాలి, వాల్వు ఎక్కడ పెట్టాలి, వేసవిలో చిట్టచివరి ఇంటి కొళాయిలో ధార సన్నబడకుండా ఉండాలంటే ఒత్తిడి ఎంత ఉండాలి అన్నవి నా రోజువారీ ప్రశ్నలు. ఆష్‌బర్న్‌లో ఆ ప్రశ్నలు అడిగేవాళ్ళు లేరు. ఉదయం పూట మా టౌన్‌హౌస్‌ల వరుస దాటి నడిస్తే కిటికీలు లేని డేటా సెంటర్లు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. వాటి పైకప్పుల మీది యంత్రాల హోరు గోడ మీద గోడ కట్టినట్టు ఉంటుంది. లోపలి కంప్యూటర్లను చల్లబరచడానికి ఒకసారి వాడి శుద్ధి చేసిన నీటిని ఊదారంగు పైపుల్లో పంపుతారు. ఎక్కడైనా రోడ్డు తవ్వి ఆ పైపు బయటపడితే నేను ఆగి చూస్తాను. కీళ్ళు ఎలా కలిపారు, లోతు ఎంత అని. పనివాళ్ళు నన్ను దారి తప్పిన మనిషి అనుకుని చెయ్యి ఊపి పక్కదారి చూపిస్తారు. కొద్దిదూరం వెళ్ళాక ఫుట్‌పాత్ ఉన్నట్టుండి గడ్డిలో కలిసిపోతుంది. అక్కడినుంచి వెనక్కి తిరిగి ఇంటికి వస్తాను.

ఈ దేశంలో నాకు సుఖాలు లేవని అనను. ఇల్లు పెద్దది. కొళాయి తిప్పితే వేడినీళ్ళు. కూరగాయల దుకాణంలో గోంగూర దొరుకుతుంది. తెలుగువాళ్ళు ఎంతమంది అంటే, నెలకు రెండు సత్యనారాయణ వ్రతాలకైనా పిలుపు వస్తుంది. అయినా ఏ కౌంటర్ దగ్గరికి వెళ్ళినా "సోషల్ నంబర్‌లో చివరి నాలుగు అంకెలు" అడుగుతారు. పనిచేసే హక్కు ఉన్నవాళ్ళకిచ్చే ఆ నంబర్ నాకు లేదు. "మీ హస్బెండ్‌ది చెప్పండి" అంటారు. చెబుతాను. నా పుట్టినరోజుకంటే ఆ నాలుగు అంకెలే నా నోట ఎక్కువసార్లు పలికి ఉంటాయి.

శనివారాలు మాత్రం నాకు పని ఉండేది. లైబ్రరీ గదిలో మా చుట్టుపక్కల తెలుగు కుటుంబాల పిల్లలకు డిబేట్ నేర్పేదాన్ని. విశాఖలో ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్ళూ నేను కాలేజీ డిబేట్ జట్టులో ఉన్నాను. ఏ ఊళ్ళో పోటీ ఉంటే ఆ ఊరికి రైల్లో స్లీపర్ క్లాసులో వెళ్ళి వాదించి వచ్చేవాళ్ళం. అందుకే తల్లులు నన్ను అడిగారు. నేను పైసా తీసుకోకుండా ఒప్పుకున్నాను. తీసుకుంటే అది పని అవుతుంది, నాకు పని నిషిద్ధం. ఒక తల్లి టర్మ్ చివర షాపింగ్ గిఫ్ట్ కార్డు ఇవ్వబోతే అదీ తిరిగి ఇచ్చేశాను. "ఎవరు చూస్తారండీ?" అందామె. ఎవరూ చూడరని నాకూ తెలుసు. చూడనప్పుడు పాటించని నియమం నియమమేనా అనుకుని, కార్డు ఆమె బ్యాగులోనే పెట్టేశాను.

బెర్లిన్ సంగతి రాగానే నేను చేసిన మొదటి పని, ఆ నగరంలో ఉంటున్న నా డిబేట్ జట్టు స్నేహితురాలికి ఫోన్ చేయడం. తను నాలుగేళ్ళ క్రితం భర్తతోపాటు అక్కడికి వెళ్ళింది. తను మాట్లాడితే ఏదీ దాచదు.

"చూడవే, అబద్ధం చెప్పను. నవంబర్ వచ్చిందంటే నాలుగింటికే చీకటి. ఆదివారం షాపులన్నీ మూతే. పాల ప్యాకెట్ మర్చిపోయావో, సోమవారం దాకా బ్లాక్ కాఫీ తాగాలి. మొన్న ఆదివారం కుక్కర్ మూడు విజిల్స్ వేసిందని కింది ఫ్లాట్ ముసలాయన తలుపుకి చీటీ అంటించాడు తెలుసా? ఏదో ఫ్యాక్టరీ సైరన్ అనుకున్నాడట."

"ఏం రాశాడు?"

"ఏముంది, డిక్షనరీ పెట్టుకుని చదివితే చాలా మర్యాదగా తిట్టాడు."

ఇద్దరం నవ్వుకున్నాం. తరువాత తను గొంతు తగ్గించింది. మొదటి చలికాలంలో రైల్లో నిలబడి కారణం లేకుండా ఏడ్చేసేదాన్నని, చుట్టూ ఉన్నవాళ్ళు ఎవరూ తలెత్తి చూడలేదని, చూడనందుకు కృతజ్ఞత, కోపం రెండూ కలిగాయని చెప్పింది. ఇల్లు దొరకడానికి ఏడు నెలలు పట్టిందని, ఒక్కో ఇల్లు చూడటానికి నలభైమంది మెట్ల మీద వరుసలో నిలబడేవాళ్ళని చెప్పింది. ఇల్లు లేకపోతే చిరునామా నమోదు కాదు, చిరునామా లేకపోతే మరేదీ కదలదు. భాష రాక, తన చదువుకు తగని పని రెండేళ్ళు చేసింది.

"మరి వద్దంటావా?" అన్నాను.

"వద్దని ఎక్కడన్నాను? నా కార్డు మీద నా పేరుంది. పని చేసుకోవచ్చు అని రాసుంది. ఇవాళ మా ఆయనతో గొడవైతే రేపు పొద్దున నా ఆఫీస్‌కి నేను వెళ్తాను. నీకు అర్థమవుతుందా ఇది?"

అర్థమైంది. ఆ రోజే వాళ్ళ ఊళ్ళో నీటి సరఫరా, మురుగునీటి వ్యవస్థలు డిజైన్ చేసే ఒక చిన్న సంస్థకు నా పాత డ్రాయింగులు జతచేసి ఉత్తరం రాశాను. మూడో రోజున జవాబు వచ్చింది. వచ్చాక కలవమన్నారు, భాష నేర్చుకుంటూ చేయగలిగిన పని ఒకటి ఉందన్నారు. నా డ్రాయింగులో ఒక వాల్వు అక్కడ ఎందుకు పెట్టారని ఒక ప్రశ్న కూడా అడిగారు. పెళ్ళి తరువాత నా పని గురించి నన్ను ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్న అది. దానికి నేను ఒకటిన్నర పేజీ సమాధానం రాశాను.

ఇంత స్పష్టంగా కావాలనిపించిన దాన్ని నా భర్తతో నోరు తెరిచి ఎందుకు చెప్పలేదన్నది ఈ రచనలో నేను ఎదుర్కోవలసిన ప్రశ్న. నా దగ్గర ఉన్న సమాధానం గౌరవప్రదంగా కనిపిస్తుంది కాని, ఎంతవరకు గౌరవప్రదమో నాకే తెలియదు. "నాకు కావాలి" అనేది వాదన కాదని నేను నేర్చుకున్నాను. ఏ విషయంలో మన లాభం ఉందో, ఆ విషయంలో మన మాటకు విలువ తగ్గుతుందని నేర్చుకున్నాను. భార్య కన్నీళ్ళు పెట్టుకుని సాధించుకుంది అనే మాట మా ఇద్దరి మధ్య ఎన్నటికీ ఉండకూడదనుకున్నాను. అందుకే గడువుకు నాలుగు రోజుల ముందు అతను "ప్రోస్ అండ్ కాన్స్ రాద్దామా?" అని నోట్‌బుక్ తెచ్చినప్పుడు నేనే అన్నాను:

"రాస్తే ఇద్దరం మనకు కావలసినవే రాస్తాం. డిబేట్ పెడదాం. టాస్ వేసి పక్షాలు తీసుకుందాం. జడ్జీలు వేరేవాళ్ళు."

"నీతో డిబేటా?" అతను పకపకా నవ్వాడు. "నేను ఓడిపోయానని ఇప్పుడే రాసిచ్చేస్తా."

"పక్షం బట్టి ఉంటుంది."

"నువ్వు ఏ పక్షమైనా నేను ఓడిపోతా తల్లీ. సరే కానీ."

జడ్జీలుగా మేము అన్నయ్య, వదిన అని పిలిచే దంపతులను అడిగాము. మాకు చుట్టాలు కారు. నాలుగిళ్ళ అవతల ఉంటారు. ఆయనది కరీంనగర్ వైపు, ఆమెది భీమవరం వైపు. గ్రీన్‌కార్డు వరుసలో పదకొండేళ్ళుగా నిలబడి ఉన్నారు. శనివారం వాళ్ళింట్లో భోజనాలు ముగిశాక వదిన చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చింది.

"ఏంటమ్మా, మీ గొడవకి మా ఇల్లు వేదికంట? నాకు జడ్జి పోస్టంట?"

"గొడవ కాదు వదినా, డిబేట్."

"మాది పదిహేనేళ్ళ డిబేటు. ఇంతవరకూ రిజల్టు రాలేదు."

అన్నయ్య సోఫాలోంచే అందుకున్నాడు. "రిజల్ట్ పెండ్లైన రోజే వచ్చింది. నేను ఓడిపోయిన. అప్పీల్ పెండింగ్‌ల ఉన్నది, మన గ్రీన్‌కార్డ్ లెక్కనే."

నియమాలు నేను వివరించాను. "మనం బెర్లిన్ వెళ్ళాలి" అన్నది ప్రతిపాదన. ఒకరు అనుకూలం, ఒకరు ప్రతికూలం. ఒక్కొక్కరికి ఆరు నిమిషాలు, తరువాత ఖండనకు రెండు నిమిషాలు. వదిన వంటింట్లోని మైక్రోవేవ్‌లో సమయం పెట్టి గంట మోగిస్తుంది. జడ్జీలు తమ అభిప్రాయాన్ని పక్కన పెట్టి, విన్న వాదనను మాత్రమే తూచాలి.

"గిదేంది తమ్మీ," అన్నాడు అన్నయ్య నా భర్తతో, "ఇల్లు ఖాళీ చేసే ముచ్చటకి టాస్ ఏస్తరా? క్రికెట్ మ్యాచా?"

"రూల్స్ మేడమ్‌వి అన్నా. నేను ప్లేయర్‌ని మాత్రమే."

క్వార్టర్ నాణెం అన్నయ్యే ఎగరేశాడు. నా భర్త హెడ్స్ అన్నాడు. హెడ్స్ పడింది. అనుకూల పక్షం అతనిది. బెర్లిన్ వద్దు అని వాదించవలసింది నేను.

వదిన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యయ్యో, అటుదిటు అయిపోయిందే! ఉద్యోగం లేక కూర్చున్నది నువ్వు కదా, వెళ్ళొద్దని నువ్వెలా చెప్తావు? మళ్ళీ వెయ్యండి."

నా భర్త నా వైపు చూశాడు. అన్నయ్య నాణెం వేలి మీద పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. నేనే వద్దన్నాను. ఇష్టం లేని ఫలితం వచ్చిందని రెండోసారి వేస్తే మొదటిసారి వేయడానికి అర్థం లేదన్నాను. పిల్లలకు ప్రతి శనివారం చెప్పే మాట అది. ఆ మాట నేను తప్పితే, వాళ్ళకు చెప్పే అర్హత పోతుందనిపించింది.

అతను ఫోన్ చూసి చదివాడు. అక్కడ కారు లేకుండా బతకవచ్చు. జబ్బు చేస్తే ఆసుపత్రి బిల్లు చూసి గుండె ఆగదు. ఏడాదికి ముప్ఫై రోజుల సెలవులు. వారాంతంలో రైలెక్కితే ఇంకో దేశం. ఉద్యోగం పోయినా, ఇక్కడిలా అరవై రోజుల్లో పెట్టె సర్దుకోవలసిన పని లేదు. ఆరో అంశంగా, "తను కూడా జాబ్ చేసుకోవచ్చు" అన్నాడు. ఒకే వాక్యం. దాని తరువాత పార్కుల గురించి చెప్పాడు. గంట మోగడానికి ఇంకా రెండు నిమిషాలుండగానే "అంతే అన్నా" అని కూర్చున్నాడు.

ఆరో అంశం. అది నాకు ఎక్కడ తగిలిందో చెప్పడానికి ఆ క్షణంలో నాకు అవకాశం లేదు. నా వంతు వచ్చింది.

అతని పక్షంలో అన్నిటికన్నా బలమైన వాదన నేనేనని నాకు తెలుసు. ఎదుటి పక్షపు బలమైన వాదనను మొదటే పడగొట్టాలన్నది మా జట్టు పద్ధతి. అందుకే నాతోనే మొదలుపెట్టాను. పని చేసే హక్కు వేరు, పని వేరు అన్నాను. నా వృత్తిలో కొలతలు, నిబంధనలు, పనివాళ్ళతో మాటలు అన్నీ స్థానిక భాషలోనే ఉంటాయి. ఆ భాష పట్టుబడటానికి ఏళ్ళు పడుతుంది. అక్కడికి వెళ్ళిన నా స్నేహితురాలు రెండేళ్ళు తన చదువుకు తగని పని చేసిందన్నాను. ఇల్లు చూడటానికి మెట్ల మీద నిలబడే నలభైమందిని వర్ణించాను. కుక్కర్ విజిల్‌కు తలుపు మీద అతికించిన చీటీ గురించి చెబితే అన్నయ్య తొడ చరుచుకుని నవ్వాడు. ఆ నవ్వు తగ్గేదాకా ఆగి, రైల్లో నిలబడి ఏడ్చిన ఆడమనిషి గురించి చెప్పాను. ఎవరూ తలెత్తి చూడని ఆ రైలుపెట్టె గురించి చెప్పాను. నవ్వించి వెంటనే నిశ్శబ్దం చేయడం నాకు బాగా వచ్చిన విద్య.

చివరి నిమిషంలో, ముందు అనుకోనిది ఒకటి నా నోట వచ్చింది.

"ఇక్కడ నాకు పని లేదు. కాని ఎందుకు లేదు అని అడిగితే చూపించడానికి ఒక కాగితం ఉంది. తప్పు ఆ కాగితానిది. అక్కడికి వెళ్ళి, ఆ కాగితం కూడా చేతికొచ్చాక, అప్పుడూ నాకు పని దొరక్కపోతే? అప్పుడు ఎవరిని చూపించను? ఇక్కడ నేను పని చేయకూడని ఇంజనీర్‌ని. అక్కడ చేతకాని ఇంజనీర్‌ని అయిపోతానేమో."

మైక్రోవేవ్ గంట మోగింది.

"ఖతం," అన్నాడు అన్నయ్య. "గిట్ల మాట్లాడినంక ఎవడు పోతడు బెర్లిన్‌కి?"

ఖండనలో నా భర్త, "నాకు చెప్పడానికి ఏం లేదు" అన్నాడు. తీర్పు రెండు ఓట్లూ నాకే. వదిన మాత్రం నా చెయ్యి పట్టుకుని, "నిన్ను ఓడించాలని చాలా చూశానమ్మా. దేన్ని పట్టుకుని ఓడించాలో దొరకలేదు" అంది. నా భర్త చప్పట్లు కొట్టి, వద్దని అంతకుముందే పక్కన పెట్టిన సేమియా పాయసం మళ్ళీ గిన్నె నిండా వేయించుకున్నాడు. చాలా రోజుల తరువాత అతను ఆకలితో తినడం చూశాను. అప్పుడు తెలిసింది, అతనికి బెర్లిన్ ఎన్నడూ ఇష్టం లేదని. వెళ్ళొద్దని అతను ఒక్కసారి కూడా అనలేదు. ఆ మాట నేనే అన్నాను, అతనికంటే వందరెట్లు బాగా.

కాలేజీలో డిబేట్ అయ్యాక ఇంకొక ఆనవాయితీ ఉండేది. నేను అన్నయ్యవాళ్ళింట్లో వివరించిన నియమాల్లో దాన్ని చెప్పలేదు, ఎందుకంటే అది మాకు నియమం అని ఎప్పుడూ అనిపించలేదు. పోటీ ముగిసి టీకొట్టు దగ్గర నిలబడ్డాక గెలిచినవాళ్ళను ఓడినవాళ్ళు అడిగేవాళ్ళు: "సరే గాని, నిజంగా నువ్వు ఏ పక్షం?" అప్పుడు టాస్ ఇచ్చిన కోటు విప్పేసి ఎవరి మాట వాళ్ళు చెప్పేవాళ్ళం. అడగకుండా ఎవరూ ఇంటికి వెళ్ళేవాళ్ళు కారు. సగం ఆనవాయితీనే నేను ఈ దేశానికి తెచ్చాను. ఆదివారమంతా అతను ఆ ప్రశ్న అడుగుతాడని ఎదురుచూశాను. బట్టలు మడతపెట్టాడు. మ్యాచ్ చూశాడు. సాయంత్రం నా భుజం మీద చెయ్యేసి, "థాంక్స్. నువ్వు చెప్పకపోతే నాకు ఇంత క్లియర్‌గా ఉండేది కాదు" అన్నాడు.

సోమవారం ఆఫీసు నుంచి వస్తూనే చెప్పాడు. "మెయిల్ పెట్టేశాను. నీ పాయింట్లే రాశాను. ఇంత థాట్‌ఫుల్‌గా ఎవరూ రిప్లై ఇవ్వలేదన్నాడు మా మేనేజర్."

"అది టాస్‌లో వచ్చిన పక్షం," అన్నాను. "నా అభిప్రాయమని ఎవరన్నారు?"

అతను బూటు లేసు విప్పుతూ ఆగాడు. "అదేంటి? నువ్వు చెప్పినవాటిలో ఏదైనా అబద్ధం ఉందా?"

లేదు. ఒక్కటి కూడా లేదు. స్నేహితురాలి ఏడుపు నిజం, చీటీ నిజం, భాష నిజం. చివరి నిమిషంలో చెప్పిన భయం, నేను కల్పించాననుకున్నది, అన్నిటికన్నా నిజం. ఒక మాట నిజమైనంత మాత్రాన అది మన కోరిక కాదని అతనికి వివరించడానికి ప్రయత్నించాను. వాక్యాలు కుదరలేదు. ఆ విషయం మీద నాకు తర్ఫీదు లేదు.

నీటి సంస్థకు నేను రాలేకపోతున్నానని రాశాను. "మీ సమాధానం మాకు నచ్చింది, వాల్వు విషయంలో మీరు చెప్పింది సరైనదే" అని వాళ్ళు రెండు వాక్యాలు రాశారు. ఆ ఉత్తరాన్ని చెరిపేయలేదు, మళ్ళీ తెరవనూ లేదు.

స్నేహితురాలికి మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పాను.

"నేను రైల్లో ఏడ్చిన సంగతి నీకు చెప్పింది నువ్వు పాయింట్‌గా వాడుకోవడానికా?"

"పేరు చెప్పలేదు."

"అబ్బో, పేరు చెప్పలేదట! దాన్ని విని మీ జడ్జీలు ఏమన్నారు? మార్కులు బాగా వేశారా?" తను నవ్వబోయింది, నవ్వు రాలేదు. "నీ కార్డు మీద నీ పేరుంటుంది అని కూడా చెప్పాను కదవే. అది ఎందుకు చెప్పలేదు?"

"అది ఎదుటి పక్షం చెప్పవలసింది."

"ఎదుటి పక్షం ఎవరే? మీ ఆయనా?" అంది. తరువాత, పొయ్యి మీద ఏదో ఉందని ఫోన్ పెట్టేసింది. ఆ తరువాత మేము పండగలకు శుభాకాంక్షలు పంపుకుంటూనే ఉన్నాం. తను తన విషయాలు చెప్పడం మానేసింది.

శనివారం తరగతులు కూడా కొన్ని వారాల తరువాత ఆపేశాను. తల్లులకు వేరే కారణం చెప్పాను. అసలు కారణం ఏమిటంటే, ఒక పిల్ల తనకు నచ్చని పక్షాన్ని అద్భుతంగా వాదించి కూర్చున్నప్పుడు, బాగుందని మెచ్చుకోవడానికి నాకు నోరు రాలేదు. ఎదుటివాడి చోట నిలబడి చూడడం నేర్పుతున్నానని ఇన్నాళ్ళూ నమ్మాను. తన చోటు ఖాళీ చేయడం కూడా అదే పాఠంలో ఉందేమోనన్న అనుమానం ఇంకా తీరలేదు. తీరేదాకా నేర్పడం న్యాయం కాదనిపించింది.

అయిదు నెలలు గడిచాయి. ఒక ఆదివారం కూరగాయలు కొని దుకాణం ముందు కారులో కూర్చున్నాం. అతను కారు స్టార్ట్ చేయకుండా స్టీరింగ్ మీద చేతులు పెట్టి కూర్చున్నాడు.

"ఫ్రైడే చెప్పారు. గ్రీన్‌కార్డ్ ఫైలింగ్ ఈ సంవత్సరం కూడా లేదట. వచ్చే సంవత్సరం అని కూడా అనడం లేదు. నిరవధికంగా హోల్డ్."

రెండు రోజులు ఆ మాట ఎలా చెప్పాలా అని మోశాడన్నమాట. నాకు అతని మీద జాలి వేసింది. ఆ జాలిలోనే, ఏ సన్నాహమూ లేకుండా, నోట్లోంచి వచ్చేసింది.

"నాకు వెళ్ళాలని ఉండింది."

"ఎక్కడికి?"

"బెర్లిన్‌కి."

"ఎప్పుడు?"

"నువ్వు మెసేజ్ పెట్టిన నిమిషం నుంచి."

అతను నా వైపు పూర్తిగా తిరిగాడు. కోపం లేదు, నిజంగా అర్థం కాక అడిగాడు. "మరి ఆ రోజు అంత బాగా ఎలా మాట్లాడావు?"

"ఈ దేశంలో నేను చేయగలిగిన పని అదొక్కటే ఉండింది. అందుకే బాగా చేశాను."

అతను ఎదుటి అద్దంలోంచి బయటికి చూశాడు. ఒక కుటుంబం బియ్యం బస్తాను బండిలోకి ఎక్కించుకుంటోంది. "ఈ ఒక్క ముక్క అప్పుడు అనుంటే," అన్నాడు, "నేను అసలు వాదించేవాణ్ణే కాదు కదే. సరే అనేవాణ్ణి."

అనేవాడా? పాయసం గిన్నె నిండా వేయించుకున్న మనిషి, సరే అనేవాడా? ఆ మాటను రుజువు చేయడానికి వీలు లేదు, ఖండించడానికీ వీలు లేదు. అందువల్ల దానితో నేను ఏమీ చేయలేకపోయాను. అనేవాడేమోనన్న ఆలోచన, అనేవాడు కాదేమోనన్న ఆలోచనకన్నా భరించరానిదిగా ఉంది.

ఆ రాత్రే అతను బెర్లిన్ వాళ్ళకు మళ్ళీ రాశాడు. నేను నీటి సంస్థకు రాశాను. అతని జవాబు బుధవారం వచ్చింది. ఆ స్థానంలో వేరే మనిషి చేరి మూడు నెలలైంది, భవిష్యత్తులో ఏదైనా ఉంటే గుర్తుంచుకుంటారట. నాకు రాసినవాళ్ళు ఇంకా మర్యాదగా రాశారు. ప్రస్తుతం అవకాశం లేదు. ఇంతకుముందు ఉత్తరాల్లో నన్ను ఇంజనీర్ అని సంబోధించినవాళ్ళు, ఈసారి శ్రీమతి అని రాశారు. బహుశా రాసిన మనిషి వేరేమో. అంతకుమించి దానికి అర్థం ఉండకపోవచ్చు.

గురువారం సాయంత్రం భోజనం అయ్యాక అతను టేబుల్ దగ్గర నా ఎదురుగా కూర్చున్నాడు. ఈసారి నోట్‌బుక్ లేదు. అతని ముఖంలో నిజాయితీ ఉంది. అది నేను కాదనలేను.

"ఇక్కడే ఫైలింగ్ చేసే వేరే కంపెనీ చూడమంటావా? లేకపోతే యూరప్‌లోనే ఇంకో ఊరు చూడమంటావా? డబ్లిన్‌లో మా ఫ్రెండ్ ఉన్నాడు, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్నారు. పాయింట్లు వద్దు. డిబేట్ అసలే వద్దు. నీకు ఏం కావాలో అది చెప్పు, చాలు."

ఇంతకన్నా సరిగా ఎవరూ అడగలేరు. నేను సమాధానం కోసం నాలోకి చూసుకున్నాను. అక్కడ డబ్లిన్ వైపు వాదన సిద్ధంగా ఉంది, దాని పక్కనే దానికి ఖండన ఉంది. ఇక్కడే ఉండిపోవడానికి కారణాలు బలం ప్రకారం వరుసగా నిలబడి ఉన్నాయి. అయిదు నెలల క్రితం, ఒక వాల్వు గురించి ఒకటిన్నర పేజీ రాసిన మధ్యాహ్నం, ఏ కారణమూ అక్కర్లేకుండా ఛాతీలో కదిలినదాని కోసం వెతికాను. అది ఎలా ఉండేదో వర్ణించగలను. తిరిగి రప్పించలేకపోయాను. అతను ఓపిగ్గా ఎదురుచూశాడు.

"నీ ఇష్టం," అన్నాను.

మా ఇంట్లో గాని, కాలేజీలో గాని, ఉద్యోగంలో గాని, నేను ఎవరితోనూ అనని మాట అది. అతను అది గమనించలేదు. కాస్త తేలికపడ్డట్టు తలూపి, "సరే అయితే, ముందు ఇక్కడే చూస్తా" అని ల్యాప్‌టాప్ తెరిచాడు.